డి స్టెయిల్ ఉద్యమం – మన ఆవరణలో ఒక చిన్న చిత్రశాల

మన కళాశాల ఆవరణలో ఒక చిన్న చిత్రశాల ఉండవలెనన్న కోరిక విద్యార్థులలో చాలా కాలంగా ఉన్నది. ఉర్దూ శాఖవారు కలంతో దిద్దిన ఖత్తాతీ ఫలకాలు, తెలుగు శాఖవారు వేసిన నీటిరంగుల చిత్రాలు వార్షికోత్సవానికి మూడు రోజులు వసారాలో తాళ్ళకు వేలాడి, ఆపైన బీరువా అడుగున చేరుతున్నవి. ఒక్క వానాకాలం గడిచేసరికి కాగితం మీద బూజు మరకలు పడుతున్నవి. ఇట్టి స్థితిలో స్థలం చూపితే ఏమి కడతారు, ఎట్లా కడతారని కళాశాల సంఘంవారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. రెండు శాఖల ఉపాధ్యాయులం కొందరం కలిసి దానికి సమాధానంగా ఈ పాఠం సిద్ధం చేశాం.

నాలుగు గోడలు లేపి పైన స్లాబు పోస్తే చాలదా అనేవారు లేకపోలేదు. చాలవచ్చు, సామాన్ల గదికి. అయితే నాలుగు గోడలు అంటే ఏమిటి, అవి మూలల్లో ఎందుకు కలుసుకోవాలి అని ఒకప్పుడు కొందరు చిత్రకారులు గట్టిగా ప్రశ్నించారు. ఆ ప్రశ్న వల్ల పుట్టిన చిన్న చిన్న కట్టడాలు నేటికీ వాస్తు విద్యార్థులకు పాఠాలుగా ఉన్నవి. అందుచేత మొదట వారి సంగతి చెప్పి, ఆపైన మన స్థలానికి వస్తాం.

ఫ్రెంచి భాషలో అవాంగార్డ్ అన్నది యుద్ధపు మాట. సేనకు ముందు నడిచే దళం అని అర్థం. ఉర్దూ చదివిన విద్యార్థులకు 'హరావల్' అంటే వెంటనే బోధపడుతుంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఐరోపా కళారంగంలో ఇట్టి ముందుదళాలు అనేకం బయలుదేరినవి. వాటిలో హాలెండులో పుట్టినది డి స్టెయిల్. ఆ మాటకు 'శైలి' అని అర్థం. 1917లో లైడెన్ నగరం నుండి థియో వాన్ డూస్‌బర్గ్ అనే చిత్రకారుడు ఆ పేరుతో ఒక పత్రిక వెలువరించాడు. పీట్ మోండ్రియన్, బార్ట్ వాన్ డెర్ లెక్, వాస్తుశిల్పి ఔడ్ మొదలైనవారు అతనితో చేరారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. అలంకారాలను, వంపులను, ప్రకృతి అనుకరణను వదిలిపెట్టి నిలువు గీత, అడ్డ గీత, ఎరుపు, పసుపు, నీలం, వాటికి తోడు తెలుపు, నలుపు, బూడిదరంగు మాత్రమే ఉంచుకొన్నారు. చూడటానికి ఇది దరిద్రంగా తోచవచ్చు. కాని ముగ్గు వేసే ఇల్లాలు కొన్ని చుక్కలతోనూ గీతలతోనూ ఎంత సాధిస్తుందో ఎరిగిన మనకు దీనిలో ఆశ్చర్యపడవలసినది లేదు. మసీదు జాలీల లెక్కలు తెలిసినవారికి అసలే లేదు.

చిత్రకారులు బట్ట మీద చేసినదానిని కట్టడంలోనికి తెచ్చినవాడు గెరిట్ రీట్‌వెల్డ్. యుట్రెక్ట్ నగరంలో వడ్రంగి కొడుకు. చిన్నతనంలోనే తండ్రి పనిశాలలో ఉలి పట్టాడు. 1918 ప్రాంతంలో అతడు చేసిన కుర్చీ, తరువాత రంగులు పూయడంతో ఎరుపు నీలాల కుర్చీ అని ప్రసిద్ధి కెక్కినది. దానిలో విద్యార్థులు చూడవలసినది రంగు కాదు, అతుకు. మన వడ్రంగి కాలును పట్టెకు కలిపేటప్పుడు ఒకదానిలో తొలిచి రెండవదానిని దూర్చి ముగిస్తాడు. రీట్‌వెల్డ్ మూడు కర్రలను మూడు దిక్కులలో ఒకదాని ప్రక్కగా ఒకటి పోనిచ్చి, తగిలిన చోట లోపల చీలతో బిగించాడు. ఏ కర్రా మరొక కర్రలో అంతం కాదు. కలిసిన చోటు దాటి కొంచెం ముందుకు పోయి ఆగుతుంది. ఆ కొనలకు పసుపు పూశాడు. ప్రతి కర్ర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంటికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ అతుకును కర్రల నుండి గోడలకు పెంచి చూస్తే డి స్టెయిల్ కట్టడం వస్తుంది. గోడ మూలలో ఆగక దాటి పోతుంది, పైకప్పు గోడను మించి సాగుతుంది, రెంటి నడుమ సందు మిగులుతుంది, ఆ సందులోనుండి వెలుతురు వస్తుంది. పెట్టె విప్పుకొన్నది అన్నమాట. 1924లో డూస్‌బర్గ్ కొత్త వాస్తువును గురించి ప్రకటించిన పదహారు సూత్రాల సారాంశం కూడా చాలవరకు ఇదే.

అదే 1924లో రీట్‌వెల్డ్ యుట్రెక్ట్‌లో ట్రూస్ ష్రోడర్ అనే వితంతువు కోసం ఒక ఇల్లు కట్టాడు. ముగ్గురు బిడ్డల తల్లి ఆమె. సుమారు 7 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు గల చిన్న ఇల్లు. అందులో ఆమె ఆలోచన వాస్తుశిల్పి ఆలోచనతో సమానంగా ఉన్నదని ఇప్పుడు అందరూ ఒప్పుకొంటున్నారు. పై అంతస్తులో స్థిరమైన గదులు లేవు. జరిపే తడికలు ఉన్నవి. పగలు జరిపితే అంతా ఒకే విశాలమైన చావడి, రాత్రి మూస్తే పడక గదులు. ఇట్టి ఏర్పాటును పురపాలక నియమాలు అంగీకరించవు గనుక నక్షాలో ఆ అంతస్తును అటక అని చూపించారు. ఒక మూల రెండు కిటికీలు తెరిస్తే ఇంటి మూలే మాయమవుతుంది. ఈ ఇల్లు బొమ్మలలో కాంక్రీటు పలకలతో కట్టినట్లు కనిపిస్తుంది గాని, గోడలు చాలవరకు ఇటుక, పైన గిలాబా. కాంక్రీటు ఖర్చు భరించలేక పునాదులకు, వసారా పలకలకు మాత్రమే వాడారు. ఇది సంఘంవారు గమనించవలసిన విషయం. సిద్ధాంతానికి ఖరీదైన సామాను అక్కరలేదు. ష్రోడర్ 1985లో మరణించేవరకు ఆ ఇంటనే నివసించినది. 2000 సంవత్సరంలో దానిని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు.

ఇల్లు వేరు, చిత్రశాల వేరు. చిత్రశాలల విషయంలో రీట్‌వెల్డ్ వయసు మళ్ళిన తరువాత చేసిన పనులు మనకు దగ్గర. వెనిస్ నగరపు కళాప్రదర్శన ఉద్యానంలో 1953–54లో హాలెండు తరఫున కట్టిన మంటపం ఒకే చదరపు చావడి. పైనుండి మెత్తని వెలుతురు దిగుతుంది. నేటికీ వాడుకలో ఉన్నది. 1955లో ఆర్నెమ్ నగరపు సోన్స్‌బీక్ ఉద్యానంలో శిల్ప ప్రదర్శనకు కట్టిన మంటపం తాత్కాలికం. ప్రదర్శన ముగియగానే తీసివేశారు. జనం మరువలేక 1965లో ఓటర్లో గ్రామం వద్ద గల క్రోలర్ మ్యూలర్ సంగ్రహాలయం తోటలో మళ్ళీ కట్టారు. అది శిథిలం కాగా 2010లో కొత్త సామానుతో మరల నిలబెట్టారు. సామాన్యమైన దిమ్మెలు, అద్దం, పైన పలుచని కప్పు. ఆ దిమ్మెలను అడ్డంగా తిప్పి బొరియలు కనబడేటట్లు పేర్చిన చోట్ల గాలి, వెలుతురు జల్లెడ పట్టినట్లు లోనికి వస్తవి. మన జాలీకి దూరపు చుట్టం అనవచ్చు. స్ట్రాస్‌బుర్గ్‌లో డూస్‌బర్గ్ అలంకరించి 1928లో తెరచిన ఓబెట్ విహారశాల గతి వేరు. వచ్చినవారికి ఆ రంగుల వాలుగీతలు నచ్చలేదు. పదేళ్ళలో అన్నీ కప్పివేశారు. దశాబ్దాల తరువాత గాని వాటిని మరల వెలికి తీయలేదు. కట్టేవారి ఉత్సాహం వాడుకొనేవారికి అంటకపోతే జరిగేది ఇదే.

హాలెండుకు, మన తీరానికి పూర్వ పరిచయం లేకపోలేదు. పదిహేడవ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు; వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నవి. అయితే యుట్రెక్ట్ ఎండ వేరు, మన ఎండ వేరు. పాఠంలో అతి ముఖ్యమైన భాగం ఇదే గనుక కొంచెం లెక్క చూడవలెను. యుట్రెక్ట్ ఉత్తరంగా 52 డిగ్రీల అక్షాంశం వద్ద ఉన్నది. నడివేసవి మధ్యాహ్నం కూడా సూర్యుడు అక్కడ 62 డిగ్రీల ఎత్తు చేరడు. డిసెంబరులో 15 డిగ్రీలైనా ఎక్కడు. అందుచేత అక్కడివారు ఎండను ఇంటిలోనికి పిలుచుకొంటారు. విశాఖపట్నం 17 డిగ్రీల 42 నిమిషాల వద్ద ఉన్నది. ఇక్కడ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే 10, ఆగస్టు 2 ప్రాంతాలలో సరిగా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రెంటి నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. 'చిత్రశాలకు ఉత్తరపు వెలుతురు శ్రేష్ఠం, అటు ఎండ రాదు' అని ఐరోపా పుస్తకాలు చెప్పే మాట ఇక్కడ మూడు నెలలపాటు చెల్లదు. జూన్ నెలలో సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయించి, అంతే ఉత్తరంగా అస్తమిస్తాడు. ఉత్తరపు కిటికీలోనికి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పడి తీరుతుంది.

కనుక డి స్టెయిల్ రూపాన్ని తెచ్చి ఇక్కడ దించితే అది పొయ్యి అవుతుంది. రూపం వదలి సూత్రం పట్టుకొంటే మాత్రం అదే మనకు ఎక్కువ ఉపకరిస్తుంది. గోడకు, కప్పుకు నడుమ సందు విడవడం హాలెండులో కంటికి ఇంపు కోసం. ఇక్కడ వేడిగాలి పోవడానికి. కప్పు గోడను మించి సాగడం అక్కడ ఒక వాదం, ఇక్కడ చూరు. మేము అనుకొన్న శాల బయటి కొలత 20 అడుగులు, 30 అడుగులు. పొడుగు తూర్పు పడమరలుగా. గోడల మీద ఉత్తర దక్షిణాల అడుగున్నర ఎత్తు సందు, దానికి సన్నని తీగ వల. కప్పు నాలుగు వైపులా నాలుగేసి అడుగులు ముందుకు వస్తుంది. డిసెంబరులో 49 డిగ్రీల ఎండకు నాలుగడుగుల చూరు నీడ గోడపై నాలుగున్నర అడుగులు దిగుతుంది. అడుగున్నర సందు ఎండకు అందదు. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల వాలు ఎండకు మాత్రం సందులో నిలువు పలకలు అడ్డుపెట్టవలెను. పడమటి గోడకు కిటికీ గాని సందు గాని ఉండరాదు.

వానకు కప్పు వాలుగా ఉండక తప్పదు. పదడుగులకు అడుగు చొప్పున ఉత్తరానికి వాల్చవచ్చు. ఇక్కడ ఒక ముచ్చట. నిలువు, అడ్డం తప్ప మరొక గీత కూడదని మోండ్రియన్ పట్టుబట్టగా, వాలుగీత కూడా కావాలని డూస్‌బర్గ్ వాదించాడు. 1925 ప్రాంతంలో మోండ్రియన్ ఉద్యమం నుండి తప్పుకోవడానికి కారణాలలో ఇది ఒకటి. మన కప్పు డూస్‌బర్గ్ పక్షం వహిస్తున్నది, సిద్ధాంతం వల్ల కాదు, తుపాను వానల వల్ల.

తుపాను అనగానే గాలి సంగతి వస్తుంది. ఉత్తరాంధ్ర తీరపు పల్లెలలోని చుట్టిల్లు గాలికి మూల చూపకుండా, చూరు నేలకు దగ్గరగా వంచుకొని నిలుస్తుంది. మనది అందుకు పూర్తిగా విరుద్ధం. మూలలన్నీ బయట పెట్టి, రెక్కవలె కప్పు చాస్తున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని తాకిన నాటి చెట్లు, రేకులు గుర్తున్నవారు ఈ భాగం శ్రద్ధగా చదవవలెను. భారత ప్రమాణాల ప్రకారం విశాఖపట్నంలో కట్టడాలకు లెక్కించవలసిన మూల వాయువేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగపు గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు సమానం. చూరుతో కలిపి మన కప్పు 28 అడుగులు, 38 అడుగులు. సుమారు 99 చదరపు మీటర్లు. ముతక లెక్కలోనే గాలి దానిని 15 టన్నుల బలంతో పైకి ఎత్తగలదు. రేకు, దూలాలు కలిపినా అందులో నాలుగో వంతు తూగవు. కాబట్టి ఈ కప్పును మోయడం కష్టం కాదు, పట్టి ఉంచడం కష్టం. స్తంభాలను పునాది దిమ్మెలలో లంగరు బోల్టులతో బిగించి, దూలాన్ని స్తంభానికి, రేకును దూలానికి వరుసగా కట్టుకొంటూ పోవలెను. దిమ్మెల బరువు కూడా ఈ లెక్కలోనిదే. చూరు అంచుల వద్ద, మూలల వద్ద గాలి పీడనం ఇంకా ఎక్కువ. అసలు లెక్క ఇంజనీరు వేసి సంతకం చేయవలెను.

ఉక్కు మన ఊరి సొమ్ము. 1966లో దానికోసం ఆంధ్రదేశం ఉద్యమించినది, 1971లో శంకుస్థాపన జరిగినది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడ తయారయ్యేవి ప్రధానంగా చువ్వలు, తీగచుట్టలు, యాంగ్లర్లు, చానళ్ళు, దూలాలు. అనగా పలకలు కావు, గీతలు. రీట్‌వెల్డ్ కుర్చీకి కావలసిన సామాను అన్నమాట. రెండు చానళ్ళ నడుమ దూలాన్ని పోనిచ్చి బోల్టులు బిగిస్తే అతని అతుకు ఉక్కులో సిద్ధిస్తుంది. ఏ ముక్క ఎక్కడ ఆగిందో పిల్లలు చూచి నేర్చుకోవచ్చు. అయితే ఉప్పు గాలి ఇట్టి అతుకులకు శత్రువు. రెండు ముక్కలు తాకే సందులో తేమ నిలిచి తుప్పు లోపలినుండి తింటుంది. అందుచేత రంధ్రాలు ముందే వేసి, ఆపైన జస్తపు పూత పట్టించి, తరువాత బోల్టులు బిగించవలెను. పూత తరువాత వెల్డింగు చేస్తే ఆ చోట పూత కాలిపోతుంది. మొదటి తుప్పు అక్కడే కనబడుతుంది.

ఇక లోపలి భాగం. కాగితం మీద చేసిన పనికి 50 లక్సుల వెలుతురు మించకూడదని సంగ్రహాలయాల నియమం. తైలవర్ణ చిత్రాలకు 200 వరకు ఉండవచ్చు. బయట నడివేసవి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. ఈ రెంటి తేడా చూస్తే నేరుగా ఎండ ఒక్క అరగంట పడినా ఎంత నష్టమో తెలుస్తుంది. ఖత్తాతీ ఫలకం ఏదైనా మూడు నెలలు వ్రేలాడిన తరువాత చీకటిలో విశ్రాంతి తీసుకోవలెను. తేమ సంగతి అంతకన్న ముఖ్యం. వాన జల్లు తిన్న బయటి గోడకు కాగితం వ్రేలాడదీస్తే బూజు రాక మానదు. మరి ఎక్కడ? డి స్టెయిల్ ఇక్కడ మళ్ళీ పనికి వస్తున్నది. బయటి గోడలను ముట్టుకోకుండా శాల మధ్యలో, తూర్పు పడమరలుగా, ఆరంగుళాల మందపు గోడ ఒకటి ఒంటరిగా నిలబడుతుంది. పదహారు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు. కప్పు దాకా పోదు. బొమ్మలన్నీ దాని రెండు ముఖాల మీద, మధ్యరేఖ నేల నుండి మీటరున్నర ఎత్తున ఉండేటట్లు, గోడకు అంగుళం ఎడంగా. ఇరువైపులా తొమ్మిదేసి అడుగుల నడవ మిగులుతుంది.

ఈ గోడ గీస్తుండగా మాకు ఒక చక్కని విషయం తటస్థించినది. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తుంది, ఉర్దూ కుడి నుండి ఎడమకు. తూర్పు ద్వారంలో ప్రవేశించిన మనిషి ఉత్తరపు నడవలో నిలిచి గోడవైపు, అనగా దక్షిణానికి తిరిగితే అతని ఎడమచేయి తూర్పు. తెలుగు వరుస ద్వారం వద్దనే మొదలై పడమరకు సాగుతుంది. దక్షిణపు నడవలో నిలిచి ఉత్తరానికి తిరిగినవానికి కుడిచేయి తూర్పు. ఉర్దూ వరుస కూడా అదే ద్వారం వద్ద మొదలై పడమరకే సాగుతుంది. రెండు ముఖాలలోనూ ఒకే భాష ఉంటే ఒక వరుస తలక్రిందులు కాక తప్పదు. చూచేవారు గోడ చుట్టూ తిరిగి రావలెను. ఇక్కడ రెండు వరుసలవారూ ఒకే గుమ్మంలో బయలుదేరి పడమటి చివర ఒకచోట చేరుతారు. ఆ చివర ఖాళీ స్థలంలో రెండు శాఖలవారు కలిసి చేసిన పని ఏదైనా, శిల్పమో మట్టిబొమ్మో, ఉంచవచ్చు.

హాలెండు గీతలు మనకెందుకు, మన దేశంలో మాదిరి లేదా అని అడగవచ్చు. ఉన్నది. 1947లో బొంబాయిలో వెలసిన ప్రోగ్రెసివ్ కళాకారుల బృందంలోని ఎం. ఎఫ్. హుస్సేన్ కోసం వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ అహమ్మదాబాదులో నిర్మించిన గుఫా 1995లో తెరుచుకొన్నది. అందులో తిన్నని గోడ ఒక్కటి లేదు. సగం భూమిలోనికి దిగి, తీగ వల మీద సిమెంటు పట్టించిన పలుచని గుమ్మటాలతో, పైన విరిగిన పింగాణీ ముక్కలతో తాబేటి చిప్పవలె ఉంటుంది. వేడిని తప్పించుకోవడంలో మన నమూనా కన్న అదే మిన్న అని ఒప్పుకొంటాం. కాని హుస్సేన్ ఆ వంపు గోడల మీదనే బొమ్మలు వేశాడు. చట్రం కట్టిన చదరపు ఫలకాన్ని గుండ్రని గోడకు వ్రేలాడదీయడం ఎట్లా? ఏటేటా మారే విద్యార్థుల పనికి తిన్నని గోడే కావలెను.

రంగుల విషయం క్లుప్తంగా చెబుతాం. ఓడరేవు గల ఊరిలో గాలిలో బొగ్గు, ముడి ఇనుము రజను తప్పదు. బయట తెల్లగోడ ఏడాదిలో మాసిపోతుంది. బయట బూడిదరంగు, లోపల బొమ్మల గోడకు తెలుపు, చేతులు తగిలే ద్వారబంధానికి నలుపు మేలు. ఎరుపు, పసుపు, నీలం దూలాల కొనలకు మాత్రమే. బొమ్మలతో పోటీ పడరాదు.

సంఘంవారు అనుమతించేలోగా విద్యార్థులు చేయదగిన పనులు రెండు ఉన్నవి. అంగుళానికి ఇరవై అంగుళాల చొప్పున అట్టతో నమూనా చేయవలెను. కప్పు సుమారు 17 అంగుళాలు, 23 అంగుళాలు వస్తుంది. దానిని మే 10 ప్రాంతంలో మేడ మీద దిక్కులు సరిచూచి పెట్టి, ప్రక్కన నిలువుగా ఒక మేకు పాతి, పన్నెండింటి ప్రాంతంలో మేకు నీడ మాయమయ్యేవేళ సందులో ఎండ పడుతున్నదా లేదా చూడవలెను. సాయంత్రం ఐదింటికి మరల చూడవలెను. రెండవది, ఆవరణలో సున్నంతో శాల నక్షాను నిజమైన కొలతలలో గీసి, మధ్య గోడ బదులు దుప్పట్లు కట్టి, రెండు శాఖల పిల్లలను, సంఘ సభ్యులను తూర్పు గుమ్మం నుండి లోనికి నడిపించవలెను. తొమ్మిదడుగుల నడవలో ఒకరు బొమ్మ చూస్తూ వెనుకకు అడుగు వేసినప్పుడు వెనుక మరొకరు పోవడానికి దారి మిగిలిందా, నడవ ఇంకొక అడుగు పెంచవలెనా అన్నది అక్కడే తేలిపోతుంది.